జేబులోని గానయంత్రము: గడించినది, విడిచినది

యంత్రము పెద్దదైనకొలది గొప్పదను భావము జనసామాన్యమున నాటుకొని యున్నది. గత శతాబ్దపు ఉత్తరార్ధమున లోకమంతయు వ్యాపించిన క్యాసెట్టు యంత్రము దీనికి విరుద్ధమైన పాఠమును నేర్పినది. అది నానాటికి చిన్నదగుటవలననే జయించినది. అయితే చిన్నదగుచు ఏమి నిలుపుకొన్నది, ఏమి విడిచిపెట్టినది యను ప్రశ్నను చదువరుల యెదుట నుంచుట మా యుద్దేశము. ఆ ప్రశ్న మన యిండ్లలోని బీరువాలకును సంబంధించినదే.

క్యాసెట్టునకు పూర్వము టేపుపై శబ్దమును పట్టు యంత్రములు లేకపోలేదు. కాని విడి చక్రముపై చుట్టిన టేపును చేతితో దీసి, యంత్రమున దూర్చి, రెండవ చక్రమునకు తగిలింపవలసి యుండెను. సామాన్య గృహస్థున కది యొక తలనొప్పి. ఫిలిప్స్ సంస్థలో పనిచేసిన లూ ఒట్టెన్స్ అను డచ్చి ఇంజనీరు ఈ చిక్కును తొలగింప బూనెను. కోటు జేబులో పట్టు కొయ్యముక్క నొకదానిని దగ్గర నుంచుకొని, తాము చేయబోవు వస్తువు ఆ పరిమాణమును మించరాదని యతడు నిశ్చయించెనట. కొలత ముందు, యంత్రము తరువాత!

1963 లో బెర్లిన్ రేడియో ప్రదర్శనమున ఆ శ్రమ ఫలము లోకమునకు కనబడెను. రెండు చక్రములును, నాలుగు మిల్లీమీటర్లైనను వెడల్పు లేని టేపును ఒకే ప్లాస్టిక్ పెట్టెలో నిమిడినవి. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడచును. దానితో వచ్చిన యంత్రమున పాటకును, టేపును ముందు వెనుకలకు పరుగెత్తించుటకును ఒకే మీట చాలెను. శబ్దమును పట్టుటకు మాత్రము వేరొక బొత్తాము. ఇతర సంస్థలును ఇదే కొలతతో క్యాసెట్టులు చేసికొనుటకు ఫిలిప్స్ వారు ప్రతిఫలము గోరక యనుమతించిరి. అందుచేత ఏ దేశమున జేసిన క్యాసెట్టైనను ఏ యంత్రమునందైనను పలికినది. దీని విజయమునకు ఇది ముఖ్యకారణమని మా యభిప్రాయము.

తరువాతి పదియేండ్లలో యంత్రమునకు పిడి వచ్చినది. పియానో మెట్లవంటి మీటలు వచ్చినవి. మైకు లోపలనే అమరినది. రేడియోతో జతగూడి మనవారి నోట ‘టూ ఇన్ వన్’ అనిపించుకొన్నది. గల్ఫ్ దేశములకు కూలికై పోయిన తెలుగువారు సెలవుపై వచ్చునపుడు వీనిని వెంట దెచ్చిరి. ఈ యంత్రమునకు చెవియు నోరును రెండును గలవు. పెండ్లిలో ముత్తైదువలు పాడిన పాటలు, గుడిముంగిట జరిగిన హరికథ, పెద్దల మాటలు దానిలో నిలిచినవి. వ్రాత రాని తల్లి పలుకు సయితము టేపుపై సముద్రము దాటినది.

ఇక 1979 జూలై 1 వ తేదీన జపానులో సోనీ సంస్థ వాక్‌మన్‌ను విడుదల చేసెను. సంస్థాపకులలో నొకరగు మసారు ఇబుకా విమానయానమున సంగీతము వినగోరగా, విలేఖరులకై చేసిన ‘ప్రెస్‌మన్’ అను చిన్న యంత్రమునే మార్చిరి. శబ్దమును పట్టు భాగమును, పైకి వినిపించు స్పీకరును తీసివైచి, రెండు చెవులకును వేర్వేరుగ వినిపించు స్టీరియో ఏర్పాటును, తేలికైన హెడ్‌ఫోనును చేర్చిరి. వెల 33,000 యెన్‌లు. రికార్డు చేయని యంత్రము నెవరు కొందురని సంస్థలోనే సందేహించిరి. మొదటి నెల యమ్మకములు మందముగనే సాగినను, రెండవ నెల ముగియకమున్నే సరకు చెల్లిపోయినది.

ఒంటరిగా వినుట మర్యాద కాదని తలచి కాబోలు, అకియో మోరిటా కోర్కెపై ఆ తొలి యంత్రమునకు రెండు హెడ్‌ఫోనులు తగిలించు వీలుంచిరి. సంగీతమును తగ్గించి ప్రక్కవారి మాట వినుటకు నారింజవన్నె మీట యొకటి కలదు. జనులు మాత్రము ఒంటరిగానే వినజొచ్చిరి; కాలక్రమమున ఆ రెండును మాయమైనవి. 1983 నాటికి యంత్రము క్యాసెట్టు డబ్బీయంత యైనది. అంతకన్న చిన్నది చేయుటకు క్యాసెట్టే యడ్డము! రికార్డు చేయు వాక్‌మన్‌లను కూడ ఆ సంస్థ అమ్మినమాట నిజమే. కాని అవి ప్రియమైనవి, వృత్తివారి చేతులలోనివి. 2010 లో జపానున క్యాసెట్టు వాక్‌మన్ అమ్మకము నిలిపివేసిరి.

తీసివేయుటయే ఈ శిల్పమునందలి నేర్పు. దానిని మేము తక్కువ చేయము. నడచుచు, పయనించుచు మనసైన సంగీతము వినగల్గుట చిన్న లాభము కాదు. కాని మాటాడు యంత్రముగ పుట్టినది కేవలము వినిపించు యంత్రముగ మారినపుడు, గృహస్థుడు కర్తృత్వము విడిచి శ్రోతగా మిగిలెను. నేడు చేతి ఫోను ఆ నోటిని మరల దెచ్చి యిచ్చినది. అయినను నడుమ పట్టిన శబ్దములు పాత క్యాసెట్టులలోనే పడియున్నవి.

అంగడిలో గొన్న సినిమా పాటలు పోయినను వేరొకచోట దొరకును. మన యింటి ముత్తవ్వ పాట కింకొక ప్రతి లేదు. టేపు తేమకు బూజుపట్టును, యంత్రములోని రబ్బరు పట్టీలు కాలక్రమమున సాగి జిగురగును, బాగుచేయువారు అరుదగుచున్నారు. కావున చదువరులు జాగు సేయక, ఇంటనున్న క్యాసెట్టులను వెదకి, తామే పట్టినవానిని వేరుచేయవలయును. క్యాసెట్టు వెనుక యంచున నుండు రెండు చిన్న పలుకులను మొదట విరువవలయును; అపుడు పొరపాటున దానిపై వేరొకటి యెక్కుట కవకాశముండదు. పిమ్మట శుభ్రపరచిన మంచి యంత్రమున నడిపించి కంప్యూటరులోనికి ప్రతి యెత్తించి, పాడినవారి పేరు, ఊరు, సంవత్సరము వ్రాసియుంచవలయును. భూమికి దస్తావేజు భద్రపరచుకొను గృహస్థులకు పెద్దల కంఠస్వరమును భద్రపరచుట భారము కానేరదు.