ఇంజిన్ వేడి మీద కారు స్టార్ట్ కావట్లేదా? పార్టులు మార్చే ముందు ఇవి చూడండి

పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. దారిలో టిఫిన్‌కి ఓ 20 నిమిషాలు ఆపి వస్తే మాత్రం సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజిన్ అందుకోదు. పాత ఫ్యూయెల్ ఇంజెక్షన్ పెట్రోల్ కార్లలో ఇది తరచూ వచ్చే సమస్యే. సెల్ఫ్ గట్టిగా తిరుగుతుంటే బ్యాటరీ జోలికి వెళ్లకండి.

ఇంజిన్ ఆపగానే కూలెంట్ తిరగడం ఆగుతుంది. దాంతో బానెట్ కింద వేడి కాసేపు ఇంకా పెరుగుతుంది. ఇంజెక్టర్లకు పెట్రోల్ అందించే ఫ్యూయెల్ రైల్‌లో ప్రెషర్ నిలిచి ఉంటే ఇబ్బంది లేదు. పంప్‌లోని చెక్ వాల్వ్ పట్టు తప్పితే ప్రెషర్ పడిపోయి, ఆ వేడికి పెట్రోల్ ఆవిరవుతుంది.

అందుకే టెస్ట్ కూడా వేడి మీదే చేయాలి. కీ ఆన్ చేసి 2 సెకన్లు ఆగి, ఆఫ్ చేయండి. మూడుసార్లు ఇలా చేశాక సెల్ఫ్ కొట్టండి. వెంటనే అందుకుందా? అయితే ప్రెషర్ లీక్ అవుతున్నట్టే. చెక్ వాల్వ్, రెగ్యులేటర్, ఇంజెక్టర్లు మెకానిక్‌కి చూపించండి.

అందుకోకపోగా పెట్రోల్ వాసన వస్తోందా? యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టండి. చాలా కార్లలో ఈసీయూ ఆ టైమ్‌లో ఇంజెక్షన్ ఆపేస్తుంది. దాంతో స్టార్ట్ అయితే ఇంజెక్టర్ కారుతుండొచ్చు, లేదా కూలెంట్ టెంపరేచర్ సెన్సార్ తప్పు రీడింగ్ ఇస్తుండొచ్చు. ఓబీడీ డాంగిల్ ఉంటే ఫోన్‌లోనే చూడొచ్చు: వేడి ఇంజిన్‌కి మైనస్ 40 డిగ్రీలు చూపిస్తే సెన్సార్ పోయినట్టో, వైరు తెగినట్టో. మన దగ్గర ఓబీడీ-2 తప్పనిసరి అయింది 2013లో, అంతకంటే పాత కారుకి డాంగిల్ కనెక్ట్ కాకపోవచ్చు.

ఈ రెండూ కాదా? నా అనుమానం క్రాంక్ సెన్సార్ మీదే. వేడికి మొరాయించి, చల్లారాక ఏమీ ఎరగనట్టు పనిచేస్తుంది! సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్‌పీఎమ్ ముల్లు అస్సలు కదలకపోతే ముందు దాన్నే చూపించండి.

ఫ్యూయెల్ పైపు మాత్రం వేడి ఇంజిన్ మీద మీరే విప్పొద్దు. ప్రెషర్ మిగిలి ఉంటే పెట్రోల్ చిమ్మి మంట అంటుకోవచ్చు.