వందకు 95 ఎందుకు చాలదు

బ్రౌజర్‌ను తనంతట తాను నడిపే ఏఐ ఏజెంట్ ఒక్కో అడుగును 95 శాతం సార్లు సరిగ్గా వేస్తుందనుకుందాం. వినడానికి బాగానే ఉంది. కానీ పనికి 10 అడుగులు పడితే, ఒక్క తప్పూ లేకుండా చివరిదాకా వెళ్లే అవకాశం 60 శాతమే. 20 అడుగులైతే 36 శాతం. అదే ఒక్కో అడుగు 99 శాతానికి చేరితే 20 అడుగుల పని 82 శాతం సార్లు గట్టెక్కుతుంది. ఏజెంట్ మధ్యలో తన తప్పు తాను దిద్దుకోదనుకుని వేసిన లెక్క ఇది. ఆ నాలుగు శాతం రాబట్టడానికి చాలామంది ఇంకా పెద్ద మోడల్ వైపు చూస్తారు. అంతకంటే ముందు చూడాల్సింది క్లిక్ చేయడం వంటి పనులకు ఏజెంట్ వాడే టూల్స్ వివరణల్ని.

మోడల్‌కు టూల్ వెనకున్న కోడ్ కనిపించదు. టూల్ పేరు, దాని వివరణ, ఇవ్వాల్సిన విలువల జాబితా: చేతికొచ్చేది ఇంతే. ఏ టూల్ ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో వీటిని చదివే తేల్చుకోవాలి. టూల్‌కు కనీసం మూడు నాలుగు వాక్యాలైనా రాయమని ఏఐ సంస్థ ఆంత్రోపిక్ మార్గదర్శకాలు చెబుతాయి. చాలాచోట్ల కనిపించేది మాత్రం ఒకటే వాక్యం: ‘ఎలిమెంట్‌ను క్లిక్ చేస్తుంది.’

అదే టూల్‌కు నేనైతే ఇలా రాస్తాను: ‘తాజా స్నాప్‌షాట్‌లో కనిపించే బటన్‌ను గానీ లింకును గానీ ఒకసారి క్లిక్ చేస్తుంది. దాని గుర్తు సంఖ్యను ఆ స్నాప్‌షాట్ నుంచే తీసుకోవాలి, ఊహించి ఇవ్వకూడదు. క్లిక్ తర్వాత పేజీ మారితే పాత సంఖ్యలు చెల్లవు, కొత్త స్నాప్‌షాట్ తీసుకోవాలి. డ్రాప్‌డౌన్‌లో ఎంచుకోవడానికి దీన్ని వాడొద్దు, అందుకు వేరే టూల్ ఉంది.’ నాలుగు వాక్యాల్లో మూడు ‘చేయకూడనిది’, ‘చెల్లనిది’ గురించే. ఏజెంట్లు ఎక్కువగా తడబడేదీ అక్కడే.

స్నాప్‌షాట్ అంటే ఇక్కడ ఫొటో కాదు. పేజీలో ఏయే బటన్లు, గడులు, లింకులు ఉన్నాయో చెప్పే అక్షరాల జాబితా. ఏజెంట్లకు బ్రౌజర్ టూల్స్ అందించేందుకు మైక్రోసాఫ్ట్ 2025లో తెచ్చిన ప్లేరైట్ ఎంసీపీ ఈ జాబితా మీదే నడుస్తుంది. అందులో స్క్రీన్‌షాట్ తీసే టూల్ కూడా ఉంది. ఆ రెండూ పక్కపక్కన ఉంటే మోడల్ ఫొటో తీసుకుని, దాని ఆధారంగా క్లిక్ చేయబోయే ప్రమాదం ఉంది. అందుకే స్క్రీన్‌షాట్ వివరణలోనే ‘దీంతో పనులు చేయలేవు, స్నాప్‌షాట్ వాడు’ అని చెప్పారు. ఒక టూల్ వివరణ దాని పక్క టూల్ పేరెత్తి దారి చూపడం నాకు బాగా నచ్చిన పద్ధతి.

విలువల వివరణకూ ఇంతే శ్రద్ధ కావాలి. ‘తేదీ’ అని మాత్రమే రాస్తే 03/04/2026 అనేది ఏప్రిల్ 3 కావచ్చు, అమెరికా పద్ధతిలో మార్చి 4 కావచ్చు. ‘సంవత్సరం-నెల-రోజు, ఉదాహరణకు 2026-04-03’ అని రాస్తే ఆ గొడవే ఉండదు. తెలుగు పేజీలతో ఇంకో చిక్కు వస్తుంది. బటన్ మీద ‘సమర్పించండి’ అని ఉంటే ఏజెంట్ దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి ‘సబ్మిట్’ కోసం వెతకొచ్చు. ‘పేజీలో ఏ భాషలో, ఏ అక్షరాల్లో ఉందో అలాగే ఇవ్వాలి’ అన్న ఒక్క మాట ఆ వెతుకులాటను తప్పిస్తుంది.

ఇలాంటి ఒక్క మాటకు ఎంత బలముందో ఆంత్రోపిక్ తన అనుభవంతోనే చెప్పింది. వాళ్ల వెబ్ సెర్చ్ టూల్ కొత్తగా వచ్చినప్పుడు మోడల్ అవసరం లేకున్నా వెతుకుడు మాటల చివర ‘2025’ చేర్చేది, దాంతో ఫలితాలు పక్కదారి పట్టేవి. వివరణను మెరుగుపరిచి దాన్ని దారికి తెచ్చారు. మరోచోట, లోపాలున్న ఒక టూల్‌ను ఏజెంట్ చేతే పదేపదే వాడించి, దాని వివరణను దానిచేతే తిరగరాయించారు. ఆ కొత్త వివరణతో పనిచేసిన ఏజెంట్లకు పట్టిన సమయం 40 శాతం తగ్గింది.

అలాగని పేజీలకు పేజీలు రాయకూడదు. వివరణలన్నీ ప్రతి అడుగులోనూ మోడల్ ముందుకు వస్తాయి. ఒక్కోటి 200 టోకెన్ల (మోడల్ చదివే మాటల ముక్కలు) చొప్పున 20 టూల్స్ అంటే అడుగుకు 4,000. 30 అడుగుల పనికి 1,20,000 టోకెన్లు. ఒకసారి చదివినదాన్ని దాచి మళ్లీ వాడే క్యాషింగ్‌తో ఖర్చు తగ్గినా, మోడల్ దృష్టిలో చోటు మాత్రం పోతుంది. ఒకేసారి 20 కంటే తక్కువ టూల్స్ ఇవ్వడం మేలని ఓపెన్ఏఐ సూచన. ఒకదానితో ఒకటి పోలిన రెండు టూల్స్ ఉంటే, రెండింటి వివరణలు పెంచడం కంటే ఒకదాన్ని తీసేయడమే మంచిది.

వివరణ ఎంత బాగున్నా పేజీ సహకరించకపోతే ఫలితం ఉండదు. వెబ్ యాక్సెసిబిలిటీ మీద పనిచేసే వెబ్‌ఎయిమ్ 2025లో 10 లక్షల హోమ్ పేజీలను పరిశీలిస్తే 94.8 శాతం పేజీల్లో యాక్సెసిబిలిటీ లోపాలు బయటపడ్డాయి. పేరు లేని బటన్లు వాటిలో ఒక రకం. స్క్రీన్ రీడర్‌తో చదువుకునే చూపులేని మనిషికి అలాంటి బటన్ ‘బటన్’ అని మాత్రమే వినిపిస్తుంది, స్నాప్‌షాట్‌లో ఏజెంట్‌కూ అంతే కనిపిస్తుంది. వెబ్‌సైట్ కట్టేవాళ్లు ఆ పేరు రాస్తే ఇద్దరికీ ఉపయోగం. ముందు ఆ మనుషుల కోసమే రాయాలని నా కోరిక.

డబ్బు చెల్లించే, దరఖాస్తు రద్దు చేసే బటన్ల సంగతి వేరు. ‘వినియోగదారుణ్ని అడగకుండా నొక్కవద్దు’ అని వివరణలో తప్పక రాయాలి, కానీ దాన్నే కాపలాగా నమ్ముకోకూడదు. పేజీలో ఎవరో దాచిన వాక్యం కూడా ఏజెంట్‌ను నొక్కమని పురిగొల్పగలదు. అనుమతి వచ్చేదాకా ఆ క్లిక్‌ను కోడ్‌లోనే ఆపాలి.