వరద పడవ మోటారులో థ్రాటిల్ పట్టేస్తే

2022 సెప్టెంబరు 5 ఉదయంతో ముగిసిన ఇరవై నాలుగు గంటల్లో బెంగళూరు నగరంలో 131.6 మిల్లీమీటర్ల వర్షపాతం నమోదైంది. బెళ్ళందూరు, యెమలూరు, సర్జాపుర రోడ్డు ప్రాంతాలలో పలు వీధులు నీట మునిగి, నివాసులను పడవలలోను, ట్రాక్టర్లలోను తరలించవలసి వచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్ వాసులకూ పడవలే దిక్కయ్యాయి. నదీతీర గ్రామాల నుంచి, సముద్రతీరం నుంచి వచ్చి ఈ నగరంలో స్థిరపడిన తెలుగువారిలో పడవ నడిపే నేర్పు ఉన్నవారున్నారు. సహాయక చర్యలలో పాల్గొనదలచిన అటువంటి వారికోసమే ఈ వివరణ.

పడవ వెనుక తగిలించే మోటారును అవుట్‌బోర్డ్ ఇంజను అంటారు. దాని వేగాన్ని పెంచి తగ్గించేది థ్రాటిల్. చిన్న మోటార్లకు తిప్పే చేతిపిడి, పెద్దవాటికి ముందువెనుకలకు కదిలే మీట ఉంటాయి. ఆ కదలిక సాధారణంగా కేబుల్ ద్వారా ఇంజనుకు చేరుతుంది. కార్బ్యురేటర్ ఉన్న మోటార్లలో అక్కడ ఒక పలుచని రెక్క తెరుచుకొని లోనికి వెళ్ళే గాలిని, దానితోపాటు ఇంధనాన్ని పెంచుతుంది. రెక్క తెరుచుకోకపోతే పడవ మెల్లగా సాగుతుంది, అంతే. మూసుకోకపోతే మాత్రం ఇరుకు వీధిలో గోడను, మునిగిన కారును, నడుము లోతు నీటిలో నడిచే మనిషిని ఢీకొనే ప్రమాదముంది. కనుక థ్రాటిల్ తెరుచుకోవడం కంటే మూసుకోవడమే ముఖ్యం.

మరమ్మతుకు ముందు ఇంజనును ఆపి, చల్లారనివ్వాలి. అత్యవసర స్విచ్చు తాడును, తాళంచెవిని తీసివేయాలి. బ్యాటరీ ఉంటే దాని మైనస్ తీగను విడదీయాలి. తరువాత లోపం ఎక్కడున్నదో వరుసగా కనిపెట్టాలి.

మొదట చేతిపిడి వద్దనున్న బిగింపు మరను చూడాలి. పిడి తనంతట తాను తిరగకుండా నిలిపేది అదే. అది అతిగా బిగుసుకుంటే పిడి బరువుగా కదులుతుంది. కొద్దిగా వదులు చేస్తే చాలు. కొన్ని మోటార్లలో గేరు న్యూట్రల్‌లో ఉన్నప్పుడు థ్రాటిల్ కొంత దూరమే తిరుగుతుంది. అది లోపం కాదు, రక్షణ ఏర్పాటు. దానిని బలవంతంగా తిప్పరాదు.

తరువాత కేబుల్ సాగిన దారిని చూడాలి. అది ఎక్కడైనా నలిగినా, మరీ ఇరుకుగా వంగినా సరిచేయాలి. అప్పటికీ ఫలితం లేకపోతే ఇంజను వైపు కేబుల్ కొనను ఊడదీసి, పిడిని, ఇంజను వైపు మీటను విడివిడిగా కదిపి చూడాలి. పిడి బిగుతుగా ఉంటే లోపం కేబుల్‌లోనో, పిడిలోనో ఉన్నట్టు. ఇంజను మీట బిగుతుగా ఉంటే లోపం అక్కడే.

ఇంజను మీట కీళ్ళ వద్ద పాత గ్రీజు గట్టిపడినా, బురద చేరినా, శుభ్రంగా తుడిచి నీటికి చెదరని మెరైన్ గ్రీజు పలుచగా రాయాలి. వంటనూనె రాయరాదు, అది జిగటగా మారి మళ్ళీ పట్టేస్తుంది. స్ప్రింగు విరిగిందేమో కూడా చూడాలి. కార్బ్యురేటర్ లోపలి ఇరుసే బిగుసుకుంటే మెకానిక్‌కు అప్పగించడం మేలు. కేబుల్ లోపల తుప్పు పట్టితే నూనె పోయడం తాత్కాలిక ఉపశమనమే. అదే పొడవున్న కొత్త కేబుల్ వేయాలి.

తిరిగి బిగించాక పిడిని కనిష్ఠానికి తిప్పితే రెక్క పూర్తిగా మూసుకోవాలి. ఆపై మోటారును నీటిలో ఉంచి నడిపి, కుడి ఎడమలకు తిప్పి చూడాలి. తిప్పినప్పుడు వేగం దానంతటదే మారితే కేబుల్ ఎక్కడో లాగబడుతోందన్నమాట. నీరు లేకుండా నడిపితే లోపలి నీటి పంపులోని రబ్బరు చక్రం పాడవుతుంది. అత్యవసర తాడును లాగితే ఇంజను ఆగుతున్నదో లేదో కూడా అప్పుడే పరీక్షించాలి.

ప్రయాణంలో థ్రాటిల్ పట్టేస్తే పిడితో పెనుగులాడరాదు. వెంటనే ఆ తాడును లాగి ఇంజనును ఆపాలి. తెడ్డుతోనో, గడకర్రతోనో పడవను ఒడ్డుకు చేర్చాలి. అందుకే ఇంజను నడుస్తున్నంతసేపు తాడు రెండవ కొన చోదకుని మణికట్టుకో, లైఫ్ జాకెట్‌కో కట్టి ఉండాలి. నీటిలో నడిచేవారు పడవ వెనుక భాగానికి దూరంగా ఉండాలి.

వరదనీటిలో మురుగు, బురద కలిసి ఉంటాయి. పని ముగిసిన నాడే మోటారును మంచినీటితో శుభ్రపరచి, కీళ్ళకు గ్రీజు రాయాలి. ఈ పరీక్షలన్నీ వర్షాకాలానికి ముందే, మే నెలలో, ఒకసారి చేసుకోవాలి. వరదలో చిక్కుకున్నవారు సహాయం కోసం 112కు ఫోన్ చేయవచ్చు.