సరళి వరుసల సంవత్సరం

సంగీత కళాశాలలో కొత్తగా చేరిన విద్యార్థికి పాట వెంటనే అందదు; మొదటి సంవత్సరంలో సింహభాగం స్వరాన్ని దాని స్థానంలో నిలపడానికీ, తాళాన్ని చేతికి అలవరచడానికీ, తన గొంతు శ్రుతిలో ఉందో లేదో తానే వినగలగడానికీ గడిచిపోతుంది. నాలుగు సినిమా పాటలో, అన్నమాచార్య కీర్తనలో నేర్చుకుని సభలో పాడవచ్చన్న ఆశతో వచ్చినవారికి ఈ జాప్యం శిక్షగా తోచడం సహజమే గాని, తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ సంగీత కళాశాలల్లో నాలుగేళ్ళ సర్టిఫికెట్‌గా, ఆపై రెండేళ్ళ డిప్లొమాగా సాగే చదువంతా ఈ ఒక్క ఏడాది మీదే నిలబడి ఉంటుంది. ఈ తరగతిలో బడికి వెళ్ళే పిల్లలూ, డిగ్రీ చదువుతూ సాయంత్రం వేళ వచ్చే యువకులూ, పిల్లలు పెద్దవారయ్యాక తీరిక చిక్కిన గృహిణులూ ఒకే చాప మీద కూర్చోవడం కద్దు. మొదటి సంవత్సరం అన్న మాట ఇక్కడ వయసును సూచించదు.

సంగీతం తరగతి గదిలోకి రావడం తెలుగునాట మరీ పాత విషయం కాదు. అంతకుముందు గురుకులవాసమే మార్గం. గురువు ఇంట ఏళ్ళ తరబడి ఉండి, సేవ చేస్తూ, ఆయన సాధన చేస్తుంటే విని నేర్చుకునే శిష్యునికి పాఠ్యప్రణాళిక గాని, పరీక్ష గాని, ఇన్నో సంవత్సరం అన్న లెక్క గాని ఉండేవి కావు. ఈ పద్ధతికి భిన్నంగా 1919లో మహారాజు పూసపాటి విజయరామ గజపతిరాజు విజయనగరంలో సంగీత కళాశాలను నెలకొల్పారు. ఆస్థానోద్యోగి ఒకరి అంధ కుమారునికి సంగీతం చెప్పించాలన్న తలంపే దాని పుట్టుకకు కారణమని చెబుతారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి ప్రిన్సిపాల్ కాగా, విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడు వాదనం విని ఆయనను ఏకంగా వయొలిన్ ఆచార్యునిగా నియమించారన్నది ఆ కళాశాల చరిత్రలో ప్రసిద్ధమైన ఘట్టం. తరువాతి కాలంలో ఘంటసాల వెంకటేశ్వరరావు అక్కడికి చదువు కోసం వెళ్ళి, పట్రాయని సీతారామశాస్త్రి ఆదరణలో నేర్చుకుంటూ, మధుకరం ఎత్తి, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని, పొట్ట నింపుకున్నారు. సంగీతజ్ఞుల కుటుంబంలో పుట్టనివారికి, గురువు ఇంట ఏళ్ళ తరబడి ఉండే వీలు లేనివారికి కూడా శాస్త్రీయ సంగీతం అందుబాటులోకి రావడమే ఈ కళాశాలల వల్ల కలిగిన అసలు ప్రయోజనం. మిగిలిన లాభనష్టాలన్నీ దాని తరువాతివే.

తొలి పాఠం శ్రుతితో మొదలవుతుంది. పాడేవారు తమ షడ్జంగా, అంటే ఆధార స్వరమైన ‘స’గా, ఎంచుకుని మొదటి నుంచి చివరి వరకు మార్చకుండా నిలుపుకునే నాదమే శ్రుతి, తంబురా నాలుగు తీగలు పంచమాన్ని, రెండు షడ్జాలను, మంద్ర షడ్జాన్ని వరుసగా పలుకుతూ దీనిని ఎడతెగకుండా వినిపిస్తాయి. హార్మోనియం తెల్లమెట్లను ఒకటి నుంచి లెక్కిస్తూ, నడుమ వచ్చే నల్లమెట్టును అరగా కలుపుతూ ఒకటి శ్రుతి, ఒకటిన్నర శ్రుతి, ఐదు శ్రుతి అని వ్యవహరిస్తారు. సాధారణంగా మగవారి గొంతు ఒకటి, రెండు శ్రుతుల నడుమ, ఆడవారి గొంతు నాలుగున్నర మొదలు ఆరు వరకు హాయిగా పలుకుతుంది కాబట్టి, ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టిన తరగతిలో అధ్యాపకుడు ఏ శ్రుతిలో పాడినా ఎవరో ఒకరు గొంతు బిగబట్టవలసి వస్తుంది. గొంతు మారే వయసులో ఉన్న అబ్బాయి సంగతి చెప్పనక్కరలేదు. చేరినప్పుడు పాడిన శ్రుతి పరీక్షల నాటికి అతనికి అందకుండా పోవచ్చు. గురుకులంలో గురువు శిష్యుని గొంతును బట్టి శ్రుతి నిర్ణయించేవాడు, తరగతిలో మాత్రం శిష్యులే శ్రుతికి ఒదగవలసి ఉంటుంది. ఇప్పుడు ప్రతి ఫోనులోనూ శ్రుతిపెట్టె ఉన్నందున ఇంటి దగ్గరైనా ఎవరి శ్రుతిలో వారు సాధన చేసుకోగలగడం ఈ ఇబ్బందికి కొంత ఉపశమనం.

శ్రుతి కుదిరాక మాయామాళవగౌళ రాగంలో సరళి వరుసలు మొదలవుతాయి. స్వరాలను సూటిగా ఆరోహణ, అవరోహణ క్రమంలో పాడించే ఈ వరుసలను 16వ శతాబ్దపు కన్నడ వాగ్గేయకారుడు, అంటే మాటను, పాటను తానే కూర్చిన పురందరదాసు క్రమబద్ధం చేశాడని సంప్రదాయం చెబుతుంది. 72 మేళకర్తలలో, అంటే ఏడు స్వరాలూ ఉండే మూల రాగాలలో, 15వదైన ఈ రాగాన్నే ముందు నేర్పడానికి తగిన కారణం దాని నిర్మాణంలో ఉంది. ఇందులో సరి, గమ, పద, నిస జంటలలో ప్రతి దానిలోనూ రెండు స్వరాలు పక్కపక్క మెట్ల మీద ఉంటాయి. రిగ, దని జంటలలో మాత్రం నడుమ రెండేసి మెట్లు వదలివేయాలి. కింది సగమైన సరిగమ అంతరాలే పై సగమైన పదనిసలో యథాతథంగా వస్తాయి. అతి దగ్గర స్వరాన్ని తాకడం, బాగా దూరపు స్వరాన్ని గురి తప్పకుండా అందుకోవడం రెండూ ఒక్క రాగంలోనే అలవడతాయి గనుక, ఒక సగం పట్టుబడినవారికి రెండో సగం కొత్త పాఠంగా అనిపించదు.

ఈ వరుసలు ఆదితాళంలో ఉంటాయి. ఒక దెబ్బ వేసి చిటికెన వేలి నుంచి మూడు వేళ్ళు ఎంచితే నాలుగు అక్షరాల లఘువు. దెబ్బ వేసి అరచేయి తిప్పితే రెండు అక్షరాల ద్రుతం. ఒక లఘువు, రెండు ద్రుతాలు కలిసిన ఎనిమిది అక్షరాల చుట్టు ఒక ఆవర్తం. మొదటి సరళి వరుసలో స్వరాలు పదహారు. అక్షరానికి ఒక్క స్వరం పాడే మొదటి కాలంలో దానికి రెండు ఆవర్తాలు, రెండో కాలంలో ఒక ఆవర్తం పడతాయి. అక్షరానికి నాలుగు స్వరాలు పలికే మూడో కాలానికి వచ్చేసరికి వరుస అరఆవర్తంలోనే ముగుస్తుంది కనుక తాళం నిండడానికి దానిని రెండుసార్లు పాడాలి. ఇక్కడే మొదటి సంవత్సరం విద్యార్థి తడబడతాడు. గొంతు వేగం పెంచగానే చెయ్యి కూడా దానితో పాటు పరుగెత్తుతుంది. చేతిని అదే నడకలో ఉంచి స్వరాన్ని మాత్రమే ద్విగుణం చేయడానికి కొందరికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది.

ఒకే స్వరాన్ని రెండేసిసార్లు, రెండో దాన్ని ఒత్తి పలికించే జంట వరుసలు, స్వరాలను దాటుకుంటూ పోయే దాటు వరుసలు ముగిశాక సప్తతాళాల అలంకారాలు వస్తాయి. ధ్రువ తాళంలో ఆవర్తానికి పద్నాలుగు అక్షరాలు, అట తాళంలోనూ పద్నాలుగే. అయితే మొదటిది 4, 2, 4, 4గా, రెండోది 5, 5, 2, 2గా విరుగుతుంది. మఠ్య, ఝంపె తాళాలు రెండింటికీ పదేసి అక్షరాలున్నా ఒకటి 4, 2, 4, మరొకటి 7, 1, 2. మొత్తం లెక్క ఒకటే అయినా నడక వేరన్న ఎరుక చేతికి వచ్చిన రోజున తాళం అంకెల వ్యవహారంగా ఉండడం మానేస్తుంది. ఆ తరువాత గాని తొలి సాహిత్యం నోటికి రాదు. పురందరదాసు మలహరిలో కూర్చిన పిళ్ళారి గీతాలు అవి. మలహరి మాయామాళవగౌళ నుంచి పుట్టినదే అయినా, అందులో నిషాదం అసలు లేదు, గాంధారం అవరోహణలో మాత్రమే వస్తుంది. ఇన్నాళ్ళు ఏడు స్వరాలూ తప్పనిసరిగా పలికిన గొంతు ఏ స్వరాన్ని వదలాలో నేర్చుకోవడం రాగజ్ఞానానికి తొలి మెట్టు.

గాత్రం విషయం ఇలా ఉండగా, వయొలిన్ విద్యార్థి నేల మీద కూర్చుని వాద్యం తలను కుడి పాదం మీద ఆనించి కమాను నిలకడగా లాగడంతోనూ, మృదంగం విద్యార్థి ‘త ధి తోం నం’తోనూ అదే దారిలో నడుస్తారు.

శాస్త్ర భాగంలో కొరుకుడు పడనిది స్వరస్థానాల పట్టిక. స్థానాలు పన్నెండు, పేర్లు పదహారు. చతుశ్శ్రుతి రిషభం ఉన్నచోటే శుద్ధ గాంధారం, షట్శ్రుతి రిషభం ఉన్నచోటే సాధారణ గాంధారం ఉంటాయి; ధైవత నిషాదాల్లోనూ ఇదే తీరు. ప్రతి మేళకర్తలో ఏడు స్వరాల పేర్లూ ఉండి తీరాలన్న నియమం వల్ల ఈ రెండేసి పేర్లు అవసరమయ్యాయనీ, రిగలు ఆరు విధాల, దనిలు ఆరు విధాల, మధ్యమం రెండు విధాల కలిస్తేనే 72 వస్తాయనీ విప్పి చెబితే అర్ధగంటలో అర్థమయ్యే సంగతి ఇది. దానిని నిర్వచనాలుగా బట్టీ పట్టించి పరీక్షలో రాయించడం చాలా తరగతుల్లో జరుగుతున్న పొరపాటు. హార్మోనియం ముందు కూర్చుని పన్నెండు మెట్లనూ తడిమి చూడని విద్యార్థికి ఆ పేర్లన్నీ ఉత్త మాటలే.

కళాశాల చదువుకు ఇంతకన్నా గట్టి పరిమితి గమకం దగ్గర ఎదురవుతుంది. స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ, పక్క స్వరాల ఛాయ తగిలిస్తూ పలికించడమే గమకం. సావేరి కూడా మాయామాళవగౌళ జన్యమే గనుక కాగితం మీద దాని రిషభ గాంధారాలు సరళి వరుసల్లోనివే. పాడినప్పుడు వినిపించేవి మాత్రం అవి కావు. ఇరవై మంది కలిసి పాడే గదిలో ఎవరి గాంధారం ఎటు జారిందో పట్టుకుని సరిదిద్దడం ఎంతటి అధ్యాపకునికైనా కష్టం. మొదటి సంవత్సరంలో వరుసలను గమకం లేకుండా చదునుగా పాడించడంలో ఉన్న ఔచిత్యాన్ని ఒప్పుకోవలసిందే గాని, ఆ చదునుదనమే గొంతుకు స్థిరపడిపోయే ప్రమాదం కూడా ఉంది. విజయనగరం కళాశాలలోనే చదివిన నేదునూరి కృష్ణమూర్తి, ఆ చదువు ముగిశాక వైద్యుడూ గాయకుడూ అయిన శ్రీపాద పినాకపాణి వద్ద మళ్ళీ శిష్యరికం చేశారు. అనంతరం తానే సంగీత కళాశాలలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. పినాకపాణి వందల రచనలను స్వరపరచి వెలువరించిన ‘సంగీత సౌరభం’ సంపుటాలు నేటి విద్యార్థులకు దొరుకుతున్నాయి గాని, వాటిలోని ఒక్క పుటను సరిగా పాడాలన్నా, ఎదురుగా కూర్చుని ఆ రాగాన్ని పాడి వినిపించేవారు ఒకరు కావలసిందే.