రెండంకెల సంవత్సరము

మన మురుగమల్ల ప్రాంతమున కొందరు తాతలు తాము "వికారి" సంవత్సరమున జన్మించితిమని చెప్పుదురు. నేడు క్రింది తరగతులలో చదువు కొందరు పిల్లల జన్మసంవత్సరమును వికారియే. మొదటిది 1959-60, రెండవది 2019-20. అరువది యేండ్ల కొకమారు అదే పేరు మరల వచ్చును గనుక, పంచాంగకర్తలు పేరుతోపాటు శాలివాహన శకసంఖ్యను గూడ వ్రాయుదురు. ఇట్టి జాగ్రత్త లోపించుటచే గత శతాబ్ది చివర ప్రపంచమందలి ప్రభుత్వములన్నియు చిక్కున పడినవి.

కంప్యూటరులు వచ్చిన తొలిదినములలో సమాచారము దాచుటకు చోటు స్వల్పము, వెల యధికము. రంధ్రములు పొడిచెడి కార్డొకదానిలో 80 అక్షరములకే తావు. కావున 1965కు బదులు 65 అని మాత్రమే వ్రాసిరి. 2000 రాగానే యంత్రమునకు కనబడునది 00. దానిని 1900గా నెంచినచో, 1940లో పుట్టిన వానికి 60 యేండ్లని చెప్పవలసినది, ఇంకను పుట్టనే లేదని చెప్పును. పింఛను, వడ్డీ, రైలు రిజర్వేషను, అన్ని లెక్కలును తప్పును. అదియుగాక 1900లో ఫిబ్రవరి 29 లేదు. 400చే భాగింపబడు 2000లో కలదు.

1998లో భారత ప్రభుత్వము, ప్రణాళికాసంఘ సభ్యులగు మాంటెక్ సింగ్ అహ్లూవాలియా గారి అధ్యక్షతన నొక కార్యసంఘము నేర్పరచెను. బ్యాంకులు, రైల్వేలు, విద్యుత్తు, టెలిఫోను మొదలగు శాఖలలో తేదీ గల లెక్కలన్నిటిని వెదకి, కొన్నింట నాలుగంకెలు చేర్చిరి. మరికొన్నింట, చిన్న సంఖ్యలు 2000 తరువాతివనియు, పెద్దవి 1900 తరువాతివనియు యంత్రమునకు నేర్పిరి. పిమ్మట గడియారమును ముందునకు జరిపి పరీక్షించిరి. బెంగుళూరు, హైదరాబాదు ఇంజనీర్లు విదేశముల లెక్కలను గూడ సరిదిద్దిరి. పెక్కుమంది తెలుగు యువకులకు ఆ పనియే జీవనోపాధికి తొలిమెట్టయ్యెను.

2000 జనవరి 1న పెద్ద యుపద్రవమేదియు కలుగలేదు. "ఇంత శ్రమ యేల?" యని కొందరు పరిహసించిరి. కాని ఇంగ్లండులోని షెఫీల్డున దిద్దక మిగిలిన యొక యంత్రము గర్భిణీస్త్రీల వయస్సును తప్పుగా లెక్కించుటచే, 150 మందికి పైగా స్త్రీలకు శిశువు ఆరోగ్యమును గూర్చి తప్పు ఫలితము లందినవి. ఆపద రాకపోవుట శ్రమఫలమే గాని, శ్రమ వ్యర్థమనుటకు సాక్ష్యము గాదు.

తల్లిదండ్రులకు మా మనవి యిదియే. పాఠశాల ప్రవేశపత్రమున వ్రాసిన జన్మతేదీయే ఎస్.ఎస్.ఎల్.సి. అంకపట్టికకును, అటుపై ఉద్యోగమునకును వెంటవచ్చును. కావున తిథి, సంవత్సరనామము మాత్రమే చెప్పి యూరకుండక, జననపత్రము తెచ్చి, సంవత్సరమును నాలుగంకెలతో వ్రాయించి, ఆధారుతో సరిచూచుకొనవలయును. తప్పున్నచో ఈ యేడే దిద్దించుడు. పదవ తరగతి ముగిసిన పిమ్మట దిద్దించుట మిక్కిలి కష్టము.