ఉమ్మడి ప్రచార రుసుము: పురాతన వస్తువుల విపణి

పలువురు విక్రేతలు చెల్లించిన సొమ్ముతో అంతర్జాల విపణి నిర్వాహకులు అందరి తరఫునా ప్రచారం చేయించినప్పుడు, ఆ చెల్లింపును ఉమ్మడి ప్రచార రుసుము అంటాము. అమెరికా సుంకపు చట్టం నూరేళ్లు దాటిన వస్తువును పురాతన వస్తువుగా పరిగణిస్తుంది. 2005లో ఆరంభమైన ఎట్సీ విపణిలో ఇరవై ఏళ్లు నిండినవాటిని ‘వింటేజ్’ అనే విభాగంలో అమ్మవచ్చు.

ఈ వస్తువుల ప్రధాన లక్షణం ఏకైకత్వం. కర్మాగారంలో తయారైన సరుకుకు ఇచ్చిన ఒక ప్రకటన వేల ప్రతులను అమ్మిపెట్టగలదు. పందొమ్మిదవ శతాబ్దపు స్టాఫర్డ్‌షైర్ పింగాణీ పళ్లెం సంగతి వేరు. నీలిరంగు చిత్రం, అడుగున తయారీదారు ముద్ర, అంచున నువ్వుగింజంత పెచ్చు, ఇవన్నీ ఉన్న ఆ పళ్లెం ఒక్కటే. అది అమ్ముడుపోయిన మరుక్షణం దాని ప్రకటనకు పని లేదు. అందువల్ల ఇక్కడ ప్రచారం వస్తువును చూపినా, అసలు ప్రయోజనం కొనుగోలుదారును విపణికి రప్పించడమే. అయితే ఆ ప్రయోజనం సొమ్ము చెల్లించనివారికీ దక్కుతుంది. ఇటువంటి ఉచిత లబ్ధి వల్ల సమష్టి కార్యాలు ఎలా కుంటుపడతాయో ఆర్థికవేత్త మాన్కర్ ఓల్సన్ 1965లో విశదీకరించాడు. రుసుమును నిర్బంధం చేయడానికి హేతువు ఇదే.

రుసుము రెండు విధాలు: అమ్మకంతో నిమిత్తం లేని స్థిర రుసుము, అమ్మకం జరిగితేనే పడే ఫలాశ్రిత రుసుము. ఎట్సీ 2020లో ప్రవేశపెట్టిన పద్ధతి రెండవ కోవకు చెందుతుంది. ప్రకటనల ఖర్చు ముందుగా విపణియే భరిస్తుంది. ప్రకటనను నొక్కిన వ్యక్తి ముప్పై రోజుల్లోగా ఆ దుకాణంలో ఏ వస్తువు కొన్నా విక్రేత 15 శాతం చెల్లించాలి; ఏడాదిలో పదివేల డాలర్ల అమ్మకాలు సాధించిన దుకాణాలకు అది 12 శాతం. నూరు డాలర్ల పళ్లేనికి చిన్న విక్రేత 15 డాలర్లు ఇస్తాడు. రెండువేల డాలర్ల గడియారానికైనా గరిష్ఠ పరిమితి నూరు డాలర్లే. చూసి వెళ్లిపోయిన వారిపై పెట్టిన ఖర్చు చిన్న విక్రేత నెత్తిన పడదు. కొన్నవారి ద్వారా వచ్చిన రుసుములే దాన్ని పూడ్చాలి. పెట్టుబడి మొత్తం పాత సరుకులోనే చిక్కుకుపోయిన వారికి ఇది నిజమైన ఆసరా.

పదివేల డాలర్లకు లోపలి విక్రేతలు ఈ ఏర్పాటు నుండి తప్పుకోవచ్చు. ఒకసారి ఆ హద్దు దాటినవారికి మాత్రం, తరువాత అమ్మకాలు తగ్గినా, ఆ అవకాశం లేదు. నిర్బంధానికి తగిన హేతువు ఉన్నదని అంగీకరిస్తూనే, క్షీణించిన దుకాణాన్ని కూడా శాశ్వతంగా కట్టివేయడం న్యాయం కాదని నా అభిప్రాయం.