ఖాళీకి అటూ ఇటూ చూడండి

పరీక్షలో "ఖాళీలను పూరింపుము" అన్న ప్రశ్న కనబడగానే చాలామంది విద్యార్థులు కళ్ళు మూసుకుని జ్ఞాపకాన్ని తడుముకుంటారు. ఆ కళ్ళు మూసుకోవడమే పొరపాటు! జవాబుకు దారి తరచు ఆ కాగితం మీదే ఉంటుంది.

ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ ప్రశ్న ఇచ్చాను:

"సాధారణంగా ద్రవాలు వేడెక్కితే వ్యాకోచిస్తాయి. కాని నీటిని 0 నుంచి 4 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడిచేస్తే అది ______."

క్లాసులో మొదటి మార్కులు తెచ్చుకునే కుర్రవాడు "వ్యాకోచిస్తుంది" అని రాశాడు. వేడి అనగానే వాడికి వ్యాకోచం గుర్తొచ్చింది, కలం కదిలింది. వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి "సంకోచిస్తుంది" అని రాసింది. "పాఠం చదివావా అమ్మా?" అని అడిగాను.

"లేదు మాస్టారూ. మధ్యలో 'కాని' అని ఉంది కదండీ!" అంది.

మార్కు ఆ పిల్లకే వచ్చింది. "కాని" అంటే, ఇంతవరకు ఒక దారిన నడిచిన మాట ఇప్పుడు ఎదురు తిరగబోతోందని అర్థం. వ్యాకోచానికి ఎదురు మాట సంకోచం. నీరు నిజంగానే అలా సంకోచిస్తుంది. 4 డిగ్రీల దగ్గర దాని సాంద్రత అన్నిటికన్న ఎక్కువ. చదవని పాఠాన్ని ఆ అమ్మాయి ప్రశ్న నుంచే నేర్చుకుంది! అన్నట్టు, "సభలో మాట్లాడడానికి రాధ సంకోచించింది" అంటే రాధ సైజు తగ్గిందని ఎవరూ అనుకోరు. మాటకు అర్థాన్ని పక్క మాటలే తేలుస్తాయి.

ఇప్పుడు ఇది చూడండి: "బావులు ఎండిపోయినందువల్ల ఊళ్ళో నీటి ______ ఏర్పడింది." (కాలుష్యం, ఎద్దడి, సమృద్ధి)

"నీటి కాలుష్యం" మనకు బాగా అలవాటైన జంట. చెయ్యి అటే పోతుంది. కాని "అందువల్ల" కారణం చెబుతోంది. బావులు ఎండితే కలిగేది నీటి కరువు. ఎద్దడి అన్న మాట మీరెప్పుడూ వినకపోయినా, తక్కిన రెంటినీ ఖాళీలో పెట్టి చదవండి. అవి నిలవవు.

వాక్యం చివరి క్రియను కూడా గమనించాలి. "______ అయస్కాంతానికి అతుక్కుంటాయి" అని ఉంటే "మేకు" చాలదు, "మేకులు" కావాలి.

"రాగి పరమాణు సంఖ్య ______" వంటి చోట్ల మాత్రం ఈ ఉపాయాలేవీ సాగవు. 29 అని తెలిసి ఉండాలి, అంతే.

ఇరుగుపొరుగును చూసి ఖాళీ పూరించడంలో ఘనుడు రష్యా శాస్త్రజ్ఞుడు మెండలీఫ్. మూలకాల పట్టికలో ఆయన కొన్ని గళ్ళు ఖాళీగా విడిచాడు. అల్యూమినియం కింద ఉండవలసిన మూలకం గుణాలను, దాని చుట్టుపక్కల మూలకాలను బట్టి 1871లో ముందే రాసిపెట్టాడు. సాంద్రత 6కు దగ్గరగా ఉండాలన్నాడు. 1875లో ఫ్రాన్సులో బ్వాబోద్రాన్ ఆ మూలకాన్ని, అంటే గాలియంను, కనుగొన్నాడు. అయితే సాంద్రత 4.7 అని ప్రకటించాడు. గాలియంను కంటితో చూడని మెండలీఫ్, దానిని శుద్ధిచేసి మళ్ళీ కొలవమని కోరాడు. కొలిచారు. 5.9 వచ్చింది.